నీలం నిలవని తొట్టి

తాయారు సీసా మూతలోకి మందు వంచింది. లోపలి గీత దాకా వచ్చాక ఆపి, కిటికీ వెలుగులోకి ఎత్తి ఒకసారి సరిచూసుకుని, చేపల తొట్టిలో పోసింది. మందు ముందు దారంలా కిందికి దిగి, తర్వాత పొగలా విచ్చుకుంది. తొట్టి మీద బిగించిన ఫిల్టరు లోంచి పడే ధార దాన్ని నాలుగు మూలలకీ తిప్పింది. కాసేపటికి నీళ్ళన్నీ నీలమయ్యాయి. అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లూ, నాలుగు నల్ల మోలీలూ నీడల్లా కదులుతున్నాయి. పెద్ద గోల్డ్‌ఫిష్ తోక మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. అది ఉండుండి అడుగున ఉన్న రాయికి ఒళ్ళు రాసుకుంటోంది.

భర్త భీమశంకరరావు ఆ ఉదయమే కాకినాడ వెళ్ళాడు, అన్నగారికి కంటి ఆపరేషనని. వెళ్ళే ముందు రోజు వన్ టౌన్‌లోనే ఉన్న చేపల కొట్టుకి వెళ్ళి మందు తెచ్చాడు. ఎంత వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ చెప్పాడు, మెట్లు దిగుతూ చెప్పాడు, ఆటో ఎక్కాక కిటికీ వైపు చూసి మూత వంచుతున్నట్టు చేత్తో చూపించాడు. పోర్టులో మోటార్లు చూసుకున్న మనిషి. రిటైరయ్యాక ఆ శ్రద్ధంతా ఈ తొట్టి మీదికి మళ్ళింది.

తాయారు సీసా బిగించి అల్మారా మీద పెట్టింది. బొటనవేలికి అంటిన నీలం సబ్బుతో తోమినా పూర్తిగా పోలేదు. తడిగుడ్డ తీసుకుని కిటికీ గట్లు తుడిచింది. ఎప్పట్లాగే పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి బొగ్గుపొడి గుడ్డ నిండా అంటింది. వంట, గిన్నెలు, మేడ మీద ఆరేసిన బట్టలు తేవడం, వీటితో పగలు గడిచిపోయింది.

సాయంత్రం భర్త వీడియో కాల్ చేశాడు. అన్నగారి కన్ను బాగానే ఉందన్నాడు. తొట్టి చూపించమన్నాడు. తాయారు ఫోను అటు తిప్పింది.

“మందు వెయ్యలేదేం?”

“వేశానండి. మీరు వెళ్ళగానే వేశాను.”

“వేస్తే నీళ్ళు నీలంగా ఉండాలి కదా తాయారూ.”

అప్పుడు చూసిందామె. నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి. వెనక గోడకున్న క్యాలెండరు అంకెలు కూడా తొట్టి గుండా కనిపిస్తున్నాయి.

వేశానని మళ్ళీ అంది. భీమశంకరరావు విసుక్కోలేదు. వేద్దామనుకుని ఏ పనిలోనో పడి మర్చిపోయి ఉంటావులే, ఫర్వాలేదు, రేపు వెయ్యి అన్నాడు. పోయిన వారం పాలు పొంగించి అడుగంటించిన సంగతీ, మేడ మీద కుళాయి కట్టకుండా వచ్చేసిన సంగతీ నవ్వుతూనే గుర్తు చేశాడు. కసిరి ఉంటే ఆమె తిరిగి ఏదో ఒకటి అని ఉండేది. ఆ మెత్తదనం ముందు నోరు రాలేదు.

మర్నాడు మందు పోసేటప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోయినా “వేశాను” అని పైకే అంది. మూత కడిగి కిటికీ గట్టు మీద బోర్లించింది. ఈసారి చూపుడువేలికీ అంటింది నీలం. నీళ్ళు రంగు మారేదాకా నిలబడి చూసి, అప్పుడు వంటింట్లోకి వెళ్ళింది. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చింది. లేచి వచ్చి చూసేసరికి తొట్టిలో నీళ్ళు మళ్ళీ తేటగా ఉన్నాయి. ఒక మోలీ వెల్లకిలా తేలుతోంది.

బోర్లించిన మూత గట్టు మీదే ఉంది. దాన్ని తీసి చూసింది, వాసన చూసింది. పొద్దున్న పోసినట్టు గుర్తుంది. దారంలా దిగడం, పొగలా విచ్చుకోవడం గుర్తుంది. అయితే అది ఇవాళ చూసిందా, నిన్న చూసిందా? చచ్చిన చేపని చిన్న వలతో తీసి కాగితంలో చుట్టింది.

భీమశంకరరావు ఫోను చేసినప్పుడు మోలీ సంగతి చెప్పింది. తొట్టి చూపించింది. అడక్కుండానే నీలమైన వేళ్ళు కూడా కెమెరా ముందు పెట్టింది.

“సీసా ముట్టుకుంటే వేలికి అవుతుంది తాయారూ. సింకులో పోశావేమో. ఒక్కసారి నెమ్మదిగా గుర్తు తెచ్చుకో” అన్నాడు.

దీపాలు పెట్టే వేళకి కొడుకు అనిరుధ్ ఫోను చేశాడు. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం, కూర్మన్నపాలెంలో కాపురం. వారానికోసారి చేసే పిల్లవాడు వారం మధ్యలో చేశాడు. భోజనం ఏం చేశావన్నాడు, మోకాలి నొప్పి ఎలా ఉందన్నాడు. కీర్తన నీకు చీర తీసిందని భార్య సంగతి చెప్పాడు. ఆ తర్వాత, ఏదో మాటల్లో వచ్చినట్టుగా,

“ఇవాళ ఏ వారం అమ్మా?” అన్నాడు.

ఆ గొంతు తాయారుకి తెలుసు. చివరి రోజుల్లో తన తల్లి మంచం పక్కన కూర్చుని, తొందరేమీ లేనట్టు, ఆటకి అడుగుతున్నట్టు, నేనెవర్నమ్మా అని తను అడిగిన గొంతు అది. భోంచేసి లేచిన కాసేపటికే, పొద్దుట్నుంచీ నాకెవరూ అన్నం పెట్టలేదని వాళ్ళమ్మ ఒట్టు పెట్టుకుని చెప్పేది. అబద్ధమాడుతున్నట్టు ఉండేది కాదు ఆ ముఖం.

“గురువారం. ఏకాదశి” అంది తాయారు.

అనిరుధ్ ఇబ్బందిగా నవ్వాడు. స్నేహితుడికి తెలిసిన డాక్టరొకాయన ఉన్నాడనీ, సోమవారానికి టైము తీసుకున్నాననీ, ఉత్త చెకప్పేననీ, నాన్న కూడా వెళ్దామన్నారనీ చెప్పాడు. తండ్రీకొడుకులు తన గురించి ముందే మాట్లాడుకున్నారన్నమాట. ఆమెకి కోపం రావలసింది. రాలేదు. కోపం తెచ్చుకోవాలంటే తను మందు వేశానని తనకి నమ్మకం ఉండాలి. సరేరా అని ఫోను పెట్టేసింది. గ్యాసు కట్టానా లేదా అని వెళ్ళి చూసింది. కట్టే ఉంది. తలుపు గడియ చూసింది. మళ్ళీ వెళ్ళి గ్యాసు చూసింది.

శుక్రవారం పొద్దున తొట్టి దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. బట్టల బకెట్టు పట్టుకుని కిందికి దిగింది. కుళాయి దగ్గర నూకాలు ఖాళీ అల్యూమినియం బేసిను తోముకుంటోంది. కింది వాటాలో ఉంటుంది. చీకటితో లేచి ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి, వేలంలో సరుకు పాడుకుని, అమ్ముకుని, ఎండెక్కే వేళకి ఇల్లు చేరుతుంది. తాయారు బకెట్టు కింద పెట్టగానే ఆమె కళ్ళు చేతుల మీద పడ్డాయి.

“ఏటి పిన్నిగోరూ, దినామూ సిరా బుడ్డితో ఆడతన్నారేటి?”

మందు మరక అని చెప్పి తాయారు చేతులు నీళ్ళలో ముంచింది. నూకాలు వదల్లేదు.

“మొన్న బొటనేలికుండేది. నిన్న సీరారేత్తంటే సూసేను, ఈ ఏలిక్కూడా పాకింది. తెల్ల సీరకి అంటుద్దని సెప్దామనుకున్నాను, మరి మీరలగ ఎలిపోనారు.”

తాయారు చేతులు బయటికి తీసింది. “మొన్న ఒక వేలికే ఉందా? బాగా చూశావా?”

“సూడకేటి? కళ్ళు దొబ్బలేదు కదా నాకు.”

తాయారు అక్కడే బట్టల బండ మీద కూర్చుని సంగతంతా చెప్పింది. తొట్టి, మందు, తేటనీళ్ళు, కొడుకు అడిగిన ప్రశ్న, సోమవారం డాక్టరు. నూకాలు బేసిను తోమడం ఆపి విన్నది. మీకు మతి పోతే ఈ మేడలో మతున్నోళ్ళెవరని అడిగింది. పోయిన నెల తన కూతురి ఫీజు ఆఖరి రోజు గుర్తు చేసింది ఎవరో చెప్పమంది.

“ఏసింది నిజమే. మరి ఎటు పోతందో ఎదర కూకుని సూడండి” అని, బేసిను చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తాయారు బట్టలు తడపకుండానే పైకి వచ్చింది. తొట్టి ముందు పీట వేసుకుంది. వెనక తెల్ల పింగాణీ పళ్ళెం ఒకటి గోడకి ఆనించింది, రంగు బాగా తెలుస్తుందని. మందు పోసింది. గోరుచిక్కుళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

పళ్ళెం నీలంగా కనబడింది. ఒక గుప్పెడు కాయలు వలిచి చూసింది, నీలంగానే ఉంది. కింద వీధిలో ఉల్లిపాయల బండి వెళ్ళింది. హార్బరు వైపు నుంచి ఓడ కూత ఒకటి సాగి ఆగింది. కాయలన్నీ అయిపోయాయి. లేవలేదు. ఫోను మోగితే ఎత్తలేదు. చూస్తూ ఉంటే మారుతున్నట్టే ఉండదు. కళ్ళు మూసి తెరిస్తే మాత్రం పళ్ళెం అంచు ఇందాకటి కన్నా తెల్లబడినట్టుంది. కాసేపటికి అనుమానం లేకుండా పోయింది. రంగు పోతోంది. ఆమె కళ్ళెదుటే, ఎవరూ ముట్టుకోకుండా పోతోంది.

ఎటు? ఆమె పీట మీంచి లేచి తొట్టి చుట్టూ చూసింది. కింద చుక్క తడి లేదు. చేపలు మూలకి చేరి ఉన్నాయి. కదులుతున్నదల్లా ఫిల్టరు ఒక్కటే. ఒక గొట్టం నీళ్ళు లాక్కుంటోంది, రెండో పక్క నుంచి ధార పడుతోంది. ఆ ధార పడే చోట నీళ్ళు మిగతా చోట కన్నా తేటగా ఉన్నట్టు తోచింది.

వంటింట్లోంచి రెండు గాజు గ్లాసులు తెచ్చింది. ఒకటి తొట్టిలో ముంచింది. రెండోది ధార కింద పట్టింది. రెండూ కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టింది.

ఒక గ్లాసులో నీలం, ఒక గ్లాసులో మంచినీళ్ళలాంటి నీళ్ళు.

తాయారు నేల మీద కూలబడింది. గోడకి వీపు ఆనించి ఆ గ్లాసుల్ని చూస్తూ ఏడ్చింది. శబ్దం చెయ్యకుండా, ముక్కు చీదుకుంటూ, చాలాసేపు ఏడ్చింది. మధ్యలో నవ్వు కూడా వచ్చింది. బుధవారం వేసింది, గురువారం వేసింది, ఇవాళ వేసింది. దారంలా దిగడం మూడుసార్లూ చూసింది. తల ఎక్కడికీ పోలేదు, భుజాల మీదే ఉంది.

ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, పూర్ణా మార్కెట్ పక్క సందులో ఉన్న చేపల కొట్టుకి ఆటోలో వెళ్ళింది. కొట్టు యజమాని సన్యాసిరాజు పాలిథిన్ సంచుల్లో రంగు చేపలు నింపి, గాలి ఊది, రబ్బరు బ్యాండ్లు చుడుతున్నాడు. తాయారు చెప్పింది విని, చేతిలో సంచీ కొక్కేనికి తగిలించి, ఫిల్టరు మూత తీస్తే స్పాంజి కింద బొగ్గు ముక్కల్లాంటివి ఉన్న వల సంచీ ఏదైనా ఉందా అని అడిగాడు. తనెప్పుడూ మూత తీయలేదంది.

“ఉంటాదమ్మా. అది కార్బన్. నీళ్ళలో పసరూ వాసనా లాగేత్తాది, మంచిదే. దానికి మందని తెల్దు కదా, మందునీ లాగేత్తాది. కొత్తదైతే పూటలో తాగేత్తాది. అది తీసేసి ఏయండి, నీలం నిలబడతాది. రోగం తగ్గినాక మళ్ళీ పెట్టుకోండి, రంగంతా అదే తీసేత్తాది.”

తాయారు తల ఊపింది. ముందే చెప్పి ఉంటే బాగుండేదంది.

“సారుకి సెప్పేనమ్మా” అన్నాడతను, తప్పు పట్టినట్టు కాకుండా. “మందూ కార్బనూ ఒక్కరోజే అట్టుకెళ్ళేరు. మందు కోర్సయ్యేదాకా కార్బన్ పెట్టొద్దని మరీ మరీ సెప్పేను. మర్సిపోయుంటారు.”

సన్యాసిరాజు మళ్ళీ సంచీ అందుకుని గాలి ఊదడంలో పడ్డాడు. అతని నోట ఆ మాటకి ఏ బరువూ లేదు. తాయారు కాసేపు కొట్టు ముందే నిలబడిపోయింది. పక్కన మిరపకాయల బస్తాలు దించుతున్నవాళ్ళు తప్పుకోమంటే తప్పుకుంది.

ఇంటికొచ్చి ఫిల్టరు స్విచ్చి కట్టి, మూత విప్పి, జిడ్డు పట్టిన స్పాంజి తీసి పక్కన పెట్టింది. కింద నల్లటి ముక్కలతో కుక్కిన తెల్ల వల సంచీ ఉంది, పిడికెడంత. కొత్తది. కట్టిన దారం కొస ఇంకా తెల్లగానే ఉంది. భీమశంకరరావు ముడి అది, చివర రెండు మెలికలు వేస్తాడు. నీళ్ళు కారుతున్న సంచీని పళ్ళెంలో పెట్టింది. స్పాంజి మళ్ళీ అమర్చి, ఫిల్టరు నడిపించి, మందు పోసింది.

సాయంత్రానికి నీళ్ళు నీలంగా ఉన్నాయి. దీపాలు పెట్టాకా నీలంగానే ఉన్నాయి. భర్త ఫోను చేస్తే, ఏమేం సర్దుకున్నారో, పొద్దున ఎన్నింటి బండో అడిగింది గానీ ఫోను తొట్టి వైపు తిప్పలేదు. వచ్చి మీరే చూద్దురుగానిలెండి అంది. గోరుచిక్కుడు కూరతో కడుపు నిండా అన్నం తిని, పడుకోగానే నిద్రపోయింది.

శనివారం భీమశంకరరావు బ్యాగు చేతిలో ఉండగానే తొట్టి ముందు ఆగాడు. మందు పడితే నీళ్ళిలా ఉంటాయి చూశావా అన్నాడు. తాయారు కాఫీ గ్లాసు చేతికిచ్చి, నల్ల సంచీ ఉన్న పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. మూడు రోజులూ మందు వేశాననీ, ఇది తాగేసిందనీ, ఇది ఉండగా మందు వెయ్యకూడదని కొట్టతను మీతో చెప్పానంటున్నాడనీ వరసగా చెప్పింది. గొంతు పెంచలేదు.

“వాడు నాతో చెప్పలేదు. చెప్తే నేనెందుకు పెడతాను?” అన్నాడాయన.

తాయారు వాదించలేదు. స్నానానికి నీళ్ళు కాగాయంది. ఆయన స్నానం చేశాడు. పేపరు తిరగేశాడు. లేచి వెళ్ళి ఫిల్టరు మూత తీసి లోపలికి చూసి మూసేశాడు. పళ్ళెంలో సంచీ ముడి వేలితో తిప్పి చూశాడు. మళ్ళీ పేపరు పట్టుకున్నాడు గానీ పేజీ తిప్పలేదు.

భోజనంలో పప్పు కలుపుకుంటూ చెయ్యి ఆపాడు.

“చెప్పాడు తాయారూ.”

ఆమె గరిటె పట్టుకుని చూసింది.

“స్కూటరు స్టార్టు చేస్తున్నాను. వెనకాలే వచ్చి చెప్పాడు. సరే సరే అని తల కూడా ఊపాను. ఇంటికొచ్చేసరికి ఆ ముక్కే లేదు.” ఆయన కంచం వంక చూస్తున్నాడు. “ఇప్పుడు స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. అంత గట్టిగా ఎలా మర్చిపోయానంటావు?”

చివరి మాటలో గొంతు సన్నబడింది. ఆ సన్నదనం ఏమిటో తాయారుకి చెప్పక్కర్లేదు. రెండు రోజులు దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగింది. ఇప్పుడడిగితే అడగొచ్చు. ఇవాళ ఏ వారమండీ అని. నాలుక దాకా వచ్చింది కూడా. ఆయన కంచంలో చెయ్యి పెట్టి జవాబు కోసం చూస్తున్నాడు, నిజంగానే ఆమె చెప్పాలన్నట్టు.

“మర్చిపోయారు. అంతేనండి” అంది తాయారు. “మజ్జిగ పొయ్యనా?”

భోజనమయ్యాక ఆయనే అనిరుధ్‌కి ఫోను కలిపి, ఆమెకి వినబడేలా స్పీకరు పెట్టాడు. మందు మీ అమ్మ రోజూ వేసిందిరా, ఫిల్టరులో పెట్టకూడనిది పెట్టింది నేను, ఆమెని అనుమానించిందీ నేనే, నిన్ను కంగారు పెట్టిందీ నేనే అన్నాడు. మరి సోమవారం డాక్టరు దగ్గరికి అని అవతల అనిరుధ్ నసిగాడు.

తాయారు ఫోను దగ్గరికి వంగింది.

“నేను రాను నాన్నా. రావాల్సొస్తే నేనే అడుగుతాను, అప్పుడు తీసుకెళ్ళు. నన్ను మాత్రం వారాలడక్కు.”

“సారీ అమ్మా” అన్నాడు అనిరుధ్. నిజంగానే అన్నాడు. ఆ మాట తర్వాత వాడి ఊపిరి తేలిక పడటం ఫోన్లోనే తెలిసింది. కీర్తన తీసిన చీర రంగేంటో అడిగిందామె. గోధుమరంగు మీద ఎర్రంచుట.

ఇంకో మోలీ పోయింది గానీ తక్కినవి నిలబడ్డాయి. పెద్ద గోల్డ్‌ఫిష్ తోక మీద చుక్కలు ఒక్కొక్కటే రాలిపోయి, అది రాయి జోలికి వెళ్ళడం మానేసి, మేత వేస్తే అందరికన్నా ముందు పైకి రావడం మొదలుపెట్టింది. మందు కోర్సు అయిపోయిన రోజున భీమశంకరరావు కొత్త కార్బన్ సంచీ కడిగి చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇక పెట్టొచ్చు కదా?” అని అడిగాడు.

పెట్టొచ్చంది తాయారు. ఆయన పెట్టాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ తొట్టి ముందు కుర్చీలు వేసుకుని, నీలం వెలిసిపోవడం చూస్తూ కూర్చున్నారు. ఆయన ధార కింద గ్లాసు పట్టి తేటగా వస్తోందని చూపించాడు, తనే కనిపెట్టినట్టు. ఆమె నవ్వింది.

కాసేపయ్యాక ఏదో తేవాలని లేచి వంటింట్లోకి వెళ్ళింది. గట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది. డబ్బాలు ఉన్నాయి, గిన్నెలు ఉన్నాయి, ఎందుకొచ్చిందో మాత్రం తలపుకి రాలేదు. గట్టుకి చెయ్యి ఆనించి నిలబడింది. కింద నూకాలు ఎవరితోనో ఐసు కరిగిపోయిందని తగువాడుతోంది. కిటికీలోంచి ఎండ మెత్తగా పడుతోంది.

“ఏం చేస్తున్నావక్కడ?” అని హాల్లోంచి అడిగాడు భీమశంకరరావు.

“ఏమోనండి, దేనికొచ్చానో మర్చిపోయాను” అంది తాయారు, గొంతు తగ్గించకుండా. కాసిని మంచినీళ్ళు తాగి, వట్టి చేతులతో తిరిగొచ్చి, తన కుర్చీలో కూర్చుంది.